పెంఫిగస్‌కు మొదటి మందు ఏది కావాలి?

నోటిలో లేచిన పుండు మూడు వారాలు దాటినా మానకపోతే, "వేడి చేసింది" అని సరిపెట్టుకోవడం ఇక మానుకోవాలి. నేను వైద్యురాలిని కాను. మా అక్క పెంఫిగస్ వల్గారిస్ అనే జబ్బుతో కొన్నేళ్లుగా నెట్టుకొస్తుంటే పక్కనుండి చూసినదానిని, ఆ జబ్బు గురించి దొరికిందల్లా చదివినదానిని, డాక్టర్లను విసిగించేటన్ని ప్రశ్నలు అడిగినదానిని. ఈ జబ్బులో రోగి మొదట పోగొట్టుకునేవి కొన్ని నెలల కాలం, ఆ తరువాత పోగొట్టుకునేవి ఎముకలు, కళ్లు, రక్తంలో చక్కెర అదుపు. మొదటి నష్టానికి కారణం జబ్బును ఆలస్యంగా గుర్తించడం. రెండోదానికి కారణం చికిత్సను మనం ఇంకా పాత వరుసలోనే నడుపుతూ ఉండడం. ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ముఖ్యంగా ఆ రెండో విషయం గురించే, అయితే మొదటిది చెప్పకుండా అక్కడికి వెళ్లడం కుదరదు.

మన ఇళ్లలో నోటిపూతకు ఒక వరుస ఉంటుంది. మొదట సబ్జా నీళ్లు, మజ్జిగ, కారం లేని పప్పన్నం. తరువాత మందుల షాపులో అడిగి తెచ్చుకునే బి-కాంప్లెక్స్ మాత్రలు. ఆపైన పుండు మీద రాసుకునే జెల్. అదీ పనిచేయకపోతే పళ్ల డాక్టరు. సాధారణమైన నోటిపూత వారం పదిరోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో, మందు వేసినా వేయకపోయినా మానిపోతుంది కనుక ఈ వరుసలో తప్పేమీ లేదు, పైగా అది చాలామందికి సరిపోతుంది కూడా. పెంఫిగస్ పుండు అలాంటిది కాదు. గుండ్రటి అంచుతో, నడుమ తెల్లగా కనిపించే చిన్న పుండులా కాక, చెక్కిళ్ల లోపల, అంగిలి మీద, చిగుళ్ల వెంట పొర ఊడి వచ్చినట్టు ఎర్రగా, అడ్డదిడ్డంగా ఉంటుంది. ఒకచోట మానకముందే ఇంకోచోట లేస్తుంది. బొబ్బ వచ్చి పగిలిందన్న సంగతి రోగికి తెలియను కూడా తెలియదు, ఎందుకంటే నోటిలోని పలుచని బొబ్బ అన్నం నమిలే రాపిడికే చితికిపోతుంది. మా అక్కకు మొదట ఆవకాయ, గోంగూర దూరమయ్యాయి, తరువాత చారన్నం, చివరికి చల్లారిన రాగిజావ తప్ప ఏదీ గొంతు దిగని స్థితి వచ్చింది. గుంటూరు జిల్లా మనిషి కారం మానేసిందంటే ఇంటిల్లిపాదీ అప్పుడే అనుమానపడి ఉండాలి, కానీ అందరూ అది పథ్యమనే అనుకున్నారు. అలా కొన్ని నెలలు గడిచాక వీపు మీద, చంకల్లో మెత్తటి బొబ్బలు లేచి, చిట్లి, తడి ఆరని పచ్చిపుండ్లుగా మిగిలాయి. ఈ జబ్బులో చాలామందికి నోరే మొదటి స్థలం, చర్మం వంతు వారాల తరువాతో నెలల తరువాతో వస్తుంది. అందుకే ఇది చర్మవ్యాధే అయినా చర్మవైద్యుడి దగ్గరికి చేరేసరికి పాతబడి ఉంటుంది.

ఇది అరుదైన జబ్బు అన్నమాట నిజమే. కేరళలోని త్రిస్సూర్ జిల్లాలో చేసిన ఒక అధ్యయనంలో ఏడాదికి 10 లక్షల జనాభాలో 4.4 కొత్త కేసులు లెక్కకు వచ్చాయి. అంటే ఒక మండలంలో పనిచేసే డాక్టరు తన ఉద్యోగకాలమంతటిలో ఒకటో రెండో చూస్తే గొప్ప. చూడని జబ్బును గుర్తించలేదని ఆయనను నిందించలేము. కానీ మూడు వారాలు దాటిన నోటిపుండును పై డాక్టరుకు పంపాలన్న నియమానికి ఈ జబ్బు పేరు తెలిసి ఉండనక్కర లేదు. నోటి క్యాన్సరు విషయంలో కూడా అదే నియమం కాబట్టి, పొగాకు, గుట్కా ఇంతగా నమిలే మన ప్రాంతంలో ఆ నియమం వృథా పోయే ప్రశ్నే లేదు.

అసలు ఒంట్లో జరుగుతున్నదేమిటి? చర్మపు పైపొరలోని కణాలు ఒకదానినొకటి పట్టుకుని ఉండడానికి డెస్మోజోములనే అతుకులు ఉంటాయి, వాటిలో డెస్మోగ్లీన్-1, డెస్మోగ్లీన్-3 అనే ప్రొటీన్లు ముఖ్యమైనవి. బయటి నుంచి వచ్చే క్రిములను ఎదుర్కోవలసిన మన రక్షణ వ్యవస్థ దారితప్పి, ఈ ప్రొటీన్లనే శత్రువులుగా భావించి వాటిమీద యాంటీబాడీలను తయారుచేస్తుంది. అవి అంటుకున్నచోట కణాల పట్టు సడలి, మధ్యలోకి నీరు చేరి, బొబ్బ లేస్తుంది. మరి జబ్బు నోటిలోనే ఎందుకు మొదలవుతుంది? ఒంటిమీద చర్మాన్ని రెండు గుండీలున్న చొక్కా అనుకుంటే, నోటిలోపలి పొర దాదాపు ఒకే గుండీ ఉన్న చొక్కా. అక్కడ పట్టంతా డెస్మోగ్లీన్-3దే. యాంటీబాడీలు మొదట దానిమీదే పుడితే ఒంటి చర్మాన్ని డెస్మోగ్లీన్-1 కాపాడుతూ ఉంటుంది, నోరు మాత్రం ఊడిపోతుంది. తరువాత డెస్మోగ్లీన్-1 మీద కూడా యాంటీబాడీలు పుట్టినప్పుడు ఒంటిమీద బొబ్బలు మొదలవుతాయి. ఒక్క డెస్మోగ్లీన్-1 మీదనే పుడితే నోరు చెక్కుచెదరకుండా చర్మం మాత్రమే పొలుసులుగా ఊడే పెంఫిగస్ ఫోలియేసియస్ వస్తుంది. ఈ వివరణ నాకు నచ్చడానికి కారణం అది లెక్కలా కుదరడం ఒక్కటే కాదు, "ఏం తిన్నావు, ఏం ముట్టుకున్నావు" అని అక్కను నిలదీసే చుట్టాలకు జవాబుగా కూడా పనికిరావడం.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్క పంచుకున్నా, పుండ్లు కడిగినా ఎవరికీ సోకదు. కొన్ని హెచ్‌ఎల్‌ఏ జన్యురకాలున్న వారిలో, ఉదాహరణకు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో, ఇది ఎక్కువగా కనిపిస్తుంది కానీ తల్లి నుంచి బిడ్డకు తప్పకుండా దిగే జబ్బు మాత్రం కాదు. పెనిసిలమైన్, కాప్టోప్రిల్ వంటి కొన్ని మందులు అరుదుగా దీన్ని రేపుతాయి. ఎక్కువమంది విషయంలో ఇదీ కారణమని వేలెత్తి చూపగలిగినది ఏదీ ఉండదు. "పూర్వజన్మ పాపం" అని ఒక పెద్దావిడ మా ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్లారు. ఆమెకు కాఫీ ఇచ్చి పంపించాం.

నిర్ధారణ విషయంలో మన జిల్లాల్లో జరిగే పొరపాట్లకు ఒక తీరు ఉంది. ఒంటిమీద బొబ్బలంటే ముందు అమ్మవారు అంటారు, లేదంటే సర్పి అని కావి పూయిస్తారు, లేదంటే చీముగడ్డలని యాంటీబయాటిక్ రాస్తారు. చికెన్‌పాక్స్ వారం రెండు వారాల్లో ఎండిపోతుంది, సర్పి ఒంటికి ఒకవైపే ఒక పట్టీలా వస్తుంది, పెంఫిగస్ ఈ రెండు హద్దులూ పాటించదు. పైకి బాగానే కనిపించే చర్మాన్ని బొబ్బ పక్కన వేలితో గట్టిగా జరిపితే పైపొర జారి ఊడి రావడాన్ని నికోల్‌స్కీ గుర్తు అంటారు. అనుభవమున్న చర్మవైద్యుడికి అది పెద్ద ఆధారం. పుండు అడుగును గీకి గాజుపలక మీద చూసే జాంక్ పరీక్ష కూడా చవకగా, అప్పటికప్పుడే కొంత చెబుతుంది. అయినా అసలైన రుజువు బయాప్సీయే, దానిలోనూ రెండు ముక్కలు తీయాలి. బొబ్బ ఉన్నచోట తీసిన ముక్క ఫార్మలిన్‌లో పడితే కణాలు విడిపోయిన తీరు సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. బొబ్బ పక్కనున్న మామూలు చర్మం నుంచి తీసిన రెండో ముక్కను ఫార్మలిన్‌లో వేయకుండా, మిషెల్ ద్రవంలో ఉంచి, డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు పంపాలి. కణాల చుట్టూ ఐజీజీ యాంటీబాడీలు చేపలవలలా వెలుగుతూ కనిపిస్తే ఇక సందేహం ఉండదు. అక్క విషయంలో మేము మొదట వెళ్లిన ఆసుపత్రిలో రెండు ముక్కలనూ ఒకే ఫార్మలిన్ సీసాలో వేశారు, దానితో రెండో పరీక్ష చేయడం సాధ్యం కాలేదు, మళ్లీ కోయించుకోవలసి వచ్చింది. బయాప్సీకి వెళ్లేవారు "రెండో ముక్క దేనిలో పంపుతున్నారు?" అని ఒక్క మాట అడగడం మర్యాదకు లోటు కాదు.

ఈ రుజువు మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. బుల్లస్ పెంఫిగాయిడ్ అనే జబ్బు పేరులోనూ, పైపై చూపులోనూ దగ్గరగా ఉంటుంది. అది ఎక్కువగా డెబ్బై దాటిన వారికి వస్తుంది, బొబ్బలు బిగుతుగా ఉండి తొందరగా చిట్లవు, దురద ఎక్కువ, నోరు చాలామందిలో బాగానే ఉంటుంది. చాలామందికి అది ఒంటిమీద పూసే ఘాటైన స్టెరాయిడ్ లేపనంతోనే అదుపులోకి వస్తుంది. పెంఫిగస్ వల్గారిస్ అంత సులభంగా లొంగదు. కొన్నేళ్లపాటు నడవబోయే మందులను ఊహ మీద మొదలుపెట్టకూడదు.

ఇక చికిత్స. 1950లలో కార్టిసోన్ జాతి మందులు, అంటే స్టెరాయిడ్లు, అందుబాటులోకి రాకముందు ఈ జబ్బు వచ్చిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు చనిపోయేవారు. ఊడిన చర్మం గుండా ఒంట్లోని నీరు, ప్రొటీన్లు కారిపోయి, క్రిములు లోపలికి చేరి, రక్తం విషమై పోయేవారు. స్టెరాయిడ్లు వచ్చాక ఆ మరణాల లెక్క తలకిందులైంది. కాబట్టి స్టెరాయిడ్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. మా అక్కకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలైన వారం పదిరోజుల్లోనే కొత్త బొబ్బలు ఆగడం నేను చూశాను, అంత త్వరగా పనిచేసే మందు ఈ జబ్బుకు ఇంకొకటి లేదు. నా పేచీ అది మొదటి మందుగా మొదలై చివరిదాకా ఏకైక మందుగా మిగిలిపోవడంతోనే.

పాత పద్ధతిలో ప్రెడ్నిసొలోన్ రోజుకు ఒంటి బరువు కిలోకు 1 మి.గ్రా. లెక్కన మొదలుపెట్టి, బొబ్బలు ఆగాక మెల్లమెల్లగా తగ్గిస్తూ వస్తారు. తగ్గించే దారిలో ఎక్కడో ఒకచోట పుండ్లు మళ్లీ లేస్తాయి, మోతాదు మళ్లీ పెరుగుతుంది. తోడుగా రక్షణ వ్యవస్థను అణచే అజాథయోప్రిన్ గానీ మైకోఫినలేట్ గానీ ఇస్తారు. ఇలా ఎక్కుతూ దిగుతూ ఏళ్లు గడుస్తాయి. ఆ ఏళ్లలో అక్కకు మొదట ముఖం ఉబ్బింది, తరువాత షుగరు వచ్చింది, నిద్ర పోయింది, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవలేనంతగా తొడల కండరాలు బలహీనపడ్డాయి, చివరికి ఒక వెన్నుపూస కుదించుకుపోయిందని ఎక్స్‌రేలో బయటపడింది. వీటిలో ప్రతిదానికీ వేరే డాక్టరు, వేరే చీటీ, వేరే బిల్లు. చర్మవైద్యుడి చీటీలో మాత్రం ప్రెడ్నిసొలోన్ రోజుకు కొన్ని రూపాయల మందుగానే కనిపిస్తుంది. స్టెరాయిడ్ చవక అనే మాట ఈ లెక్కను ఎన్నడూ కూడి చూడని వారి మాట. షుగరు మాత్రలూ, ఎముకల ఇంజెక్షన్లూ, కంటిశుక్లం ఆపరేషనూ, కూలికో ఉద్యోగానికో పోలేని రోజులూ, నడవలేని మనిషికి తోడు ఉండడానికి పని మానుకున్న ఇంకొక మనిషీ, వీటన్నిటినీ అదే చీటీ కింద రాస్తే ఆ మందు ధర ఎంతో తెలుస్తుంది.

మన దేశంలోనే ఈ చిక్కును విప్పడానికి ఒక గట్టి ప్రయత్నం జరిగింది, దాన్ని తక్కువ చేయడం అన్యాయం. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆచార్య జె.ఎస్. పస్రీచా, ఆయన సహచరులు పల్స్ చికిత్సను రూపొందించారు. వరుసగా మూడు రోజులు 100 మి.గ్రా. చొప్పున డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను గ్లూకోజు సీసాలో కలిపి ఎక్కించడం, ఆ మూడు రోజుల్లో ఒకనాడు 500 మి.గ్రా. సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సరు మందు‌ను కలపడం, 28 రోజులకొకసారి ఇలా చేస్తూ, మధ్య రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ 50 మి.గ్రా. మాత్ర రోజూ వేయడం. రోజూ మింగే స్టెరాయిడ్ వల్ల వచ్చే హానిని నెలకు మూడు రోజులకు కుదించాలన్నది దీని వెనుక ఆలోచన. విదేశీ ప్రమాణాల కోసం ఎదురుచూడకుండా, మన వార్డుల్లో దొరికే మందులతో, మన రోగుల జేబుకు తగినట్టుగా రూపొందిన పద్ధతి ఇది. దేశమంతటా వేలమంది దీనితో కోలుకున్నారు, మన ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనూ చర్మవ్యాధుల వార్డులు ఎన్నో ఏళ్లు దీన్నే నమ్ముకున్నాయి. కానీ సైక్లోఫాస్ఫమైడ్ ఆడవారిలో నెలసరిని ఆపగలదు, మగవారిలో వీర్యకణాలను నశింపజేయగలదు. పెంఫిగస్ మన దేశంలో నడివయసు వారితోపాటు ముప్పైలలో ఉన్నవారికి కూడా వస్తోంది కనుక ఇది చిన్న విషయం కాదు. పిల్లలు కావలసిన వారికి సైక్లోఫాస్ఫమైడ్ లేకుండా ఇచ్చే మార్పును పస్రీచా బృందమే సూచించింది. 1980లలో ఇంతకన్నా మెరుగైన దారి లేదు, ఆ కాలానికి అది గొప్ప విషయం. ఇప్పుడు మెరుగైన దారి ఉంది.

ఆ దారి పేరు రిటుక్సిమాబ్. యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాలు బి-కణాలనే తెల్లరక్తకణాల నుంచి పుడతాయి. బి-కణాల పైన సీడీ20 అనే గుర్తు ఉంటుంది, రిటుక్సిమాబ్ ఆ గుర్తును పట్టుకుని వాటిని నాశనం చేస్తుంది. అమెరికాలో 1997లో ఒక రకం లింఫోమా క్యాన్సరు కోసం అనుమతి పొందిన ఈ మందును తరువాతి సంవత్సరాల్లో చర్మవైద్యులు పెంఫిగస్‌లో వాడి చూశారు, మొదట ఏ మందుకూ లొంగని వారికి చివరి ఆశగా. ఆ అలవాటే ఇప్పటికీ మనల్ని వెనక్కి లాగుతోందని నా అభిప్రాయం. ఫ్రాన్సులో 90 మంది కొత్త రోగుల మీద జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో ఒక సగానికి రిటుక్సిమాబ్‌తోపాటు మూడు నుంచి ఆరు నెలల ప్రెడ్నిసోన్ (ప్రెడ్నిసొలోన్ లాంటిదే) మాత్రమే ఇచ్చారు, మిగతా సగానికి పాత పద్ధతిలో పెద్ద మోతాదు ప్రెడ్నిసోన్‌ను ఏడాది, ఏడాదిన్నర పాటు ఇచ్చారు. రెండేళ్ల తరువాత ఏ మందూ లేకుండా, ఒక్క పుండూ లేకుండా ఉన్నవారు మొదటి గుంపులో 89 శాతం, రెండో గుంపులో 34 శాతం. ఒక చర్మవ్యాధిలో రెండు చికిత్సల మధ్య ఇంత ఎడం కనిపించడం తరచుగా జరిగేది కాదు. 2018 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఓ మోస్తరు, తీవ్రమైన పెంఫిగస్ వల్గారిస్‌కు ఈ మందును అనుమతించింది. 2021లో ప్రచురితమైన ఇంకో పరీక్ష దీన్ని మైకోఫినలేట్‌తో పోల్చింది. ఏడాది ముగిసేసరికి నిలకడగా పూర్తి ఉపశమనం పొందినవారు రిటుక్సిమాబ్ గుంపులో 40 శాతం, మైకోఫినలేట్ గుంపులో 10 శాతం.

ఇక్కడే మన ఊరి సంగతి వస్తుంది. ప్రపంచంలో రిటుక్సిమాబ్‌కు మొదటి ప్రతిరూప మందును, అంటే బయోసిమిలర్‌ను తెచ్చింది హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్, 2007లో, రెడిటక్స్ పేరుతో, అప్పటి విదేశీ మందుకు దాదాపు సగం ధరకు. 2015లో అదే నగరానికి చెందిన హెటిరో ఇంకొకటి విడుదల చేసింది. తరువాత మరికొన్ని కంపెనీలు కూడా చేరాయి, పోటీ పెరిగింది, ధర ఇంకా దిగింది. ఈ మందు తయారయ్యే నగరానికి ఒక రాత్రి బస్సు ప్రయాణం దూరంలో ఉన్న రోగికి దాని పేరే చెప్పకుండా రెండేళ్లు స్టెరాయిడ్ ఎక్కిస్తూ దించుతూ ఉండడాన్ని పేదదేశపు నిస్సహాయత అని నేను ఒప్పుకోలేను. అక్కకు ఆ మందు పేరు మొదట చెప్పింది వెన్నుపూస చూసిన ఎముకల డాక్టరుగారు. ఇంకెన్నాళ్లు ఈ స్టెరాయిడ్ అని విసుక్కుంటూ చెప్పారు.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, అవి తేలికైనవి కావు. మొదటిది డబ్బు. 1 గ్రాము చొప్పున రెండు వారాల ఎడంతో రెండుసార్లు ఎక్కించాలి, మందుకూ ఆసుపత్రి పడకకూ కలిపి ఒక్కసారిగా వేల రూపాయలు కట్టాలి. స్టెరాయిడ్ ఖర్చు అంతకన్నా ఎక్కువే కావచ్చు కానీ అది చిన్నచిన్న ముక్కలుగా కారిపోతుంది, దీనికి మొత్తం చేతిలో ఉండాలి. కూలి చేసుకునే ఇంట్లో ఈ తేడా చాలా పెద్దది, దాన్ని లెక్కలతో కొట్టిపారేయడం సరికాదు. అందుకే ప్రభుత్వ పథకం వర్తిస్తుందో లేదో, ఏ ఆసుపత్రిలో, ఏ షరతుల మీద అన్నది మందు మొదలుపెట్టకముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. పథకాలు రాసేవారికి నా విన్నపం ఒకటే: ఈ మందును అన్ని మందులూ విఫలమైన రోగికి ఇచ్చే చివరి మెట్టుగా కాక, రోగం నిర్ధారణ అయిన నాడే తెరవగల తలుపుగా రాయండి. ఎముక విరిగాక కట్టే డబ్బు కూడా ఆ ఖజానా నుంచే పోతుంది.

రెండోది అంటురోగాల భయం, ఇది డబ్బు కన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. బి-కణాలు లేని మనిషికి కొత్త క్రిమి ఎదురైతే యాంటీబాడీలు తయారుచేసుకోవడం కష్టం. కోవిడ్ కాలంలో రిటుక్సిమాబ్ తీసుకున్నవారికి జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువగా ఉండడం, టీకా వేసినా సరిగా పనిచేయకపోవడం ప్రపంచమంతా చూసింది. నిద్రాణంగా ఉన్న హెపటైటిస్-బి వైరస్ ఈ మందు తరువాత లేచి కాలేయాన్ని దెబ్బతీయగలదు, అందుకే రక్తపరీక్ష లేకుండా ఒక్క చుక్క కూడా ఎక్కించకూడదు. క్షయ, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా ముందే చేయాలి, వేయవలసిన టీకాలు మందుకు కొన్ని వారాల ముందే వేయించుకోవాలి. కానీ ఈ భయాన్ని రిటుక్సిమాబ్ ఖాతాలో మాత్రమే రాసి, ఏళ్ల తరబడి పెద్ద మోతాదు స్టెరాయిడ్ మింగే మనిషి సురక్షితంగా ఉన్నట్టు మాట్లాడడం నాకు అర్థం కాదు. క్షయ తిరగబెట్టడానికి, న్యుమోనియాకు, పుండ్లలో చీము చేరడానికి స్టెరాయిడ్ చేసే సాయం తక్కువది కాదు. పోల్చవలసింది రిటుక్సిమాబ్‌నూ ఏ మందూ లేకపోవడాన్నీ కాదు, దాన్నీ రెండేళ్ల ప్రెడ్నిసొలోన్‌నూ.

మూడోది, ఇది నెమ్మదిగా పనిచేసే మందు. బి-కణాలు పోయినా అప్పటికే రక్తంలో ఉన్న యాంటీబాడీలు తరిగిపోవడానికి వారాలు పడుతుంది, ప్లాస్మా కణాల మీద సీడీ20 గుర్తు ఉండదు కనుక అవి తమ పని కొంతకాలం చేస్తూనే ఉంటాయి. ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టడం మామూలే. ఆ నెలలను దాటించడానికి స్టెరాయిడ్ కావాలి. కాబట్టి "మాకు స్టెరాయిడ్ వద్దే వద్దు, ఆ ఇంజెక్షనే ఇవ్వండి" అని పట్టుబట్టేవారి పక్షాన కూడా నేను లేను. నా వాదన స్టెరాయిడ్‌ను నెలలకు కుదించాలని, మొదటి రోజు నుంచే దానికి ముగింపు తేదీ రాసి పెట్టుకోవాలని. ఆ తేదీని రాయగలిగేది పక్కన రిటుక్సిమాబ్ ఉన్నప్పుడే.

మందు ఎక్కించే రోజు గురించి చాలామంది భయపడతారు కాబట్టి ఒక మాట. ముందు జ్వరం మాత్ర, అలెర్జీ మందు, కొంత స్టెరాయిడ్ ఇచ్చి, తరువాత చుక్క చుక్కగా కొన్ని గంటలపాటు ఎక్కిస్తారు. మొదటిసారి చలి, వణుకు, జ్వరం, రక్తపోటు తగ్గడం జరగవచ్చు, అప్పుడు వేగం తగ్గిస్తారు లేదా కాసేపు ఆపుతారు. అక్కకు కాస్త వణుకు వచ్చి తగ్గింది, రెండోసారి అదీ లేదు. బావగారు మాత్రం రెండుసార్లూ సెలైన్ స్టాండుకు కాపలా ఉన్నట్టు కదలకుండా కూర్చున్నారు. బిడ్డను కనే వయసులో ఉన్నవారు ఈ మందు తరువాత ఏడాదిపాటు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. దీన్ని చెప్పడానికి మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ మొహమాటపడతారు, అడగడం రోగి హక్కు.

ఏ మందు వాడినా పుండ్ల సంరక్షణ ఎవరికీ తప్పదు, ఈ జబ్బులో ప్రాణాలు తీసేది ఎక్కువగా పుండు గుండా వెళ్లే క్రిమే కనుక. మన దేశపు చర్మవ్యాధుల వార్డుల్లో పచ్చిపుండ్ల రోగిని శుభ్రం చేసిన అరటాకుల మీద పడుకోబెట్టే అలవాటు ఉంది. అది నాటువైద్యం కాదు. దుప్పటి పుండుకు అతుక్కుని లేచినప్పుడల్లా చర్మాన్ని ఊడదీస్తుంది, అరటాకు నున్నగా, చల్లగా ఉండి అతుక్కోదు, ఖర్చు దాదాపు లేదు. మన దగ్గర ఆ ఆకుకు కొరతేమీ లేదు. నోటికి గోరువెచ్చని ఉప్పునీళ్లు, మెత్తటి బ్రష్, ఘాటులేని పేస్టు, కరకరలాడే వాటికి, కారానికి, పులుపుకు దూరం. కడుపు మాడ్చే పథ్యాలు మాత్రం వద్దు. పుండ్లనుంచి ప్రొటీన్ కారిపోతున్న మనిషికి గుడ్డు, పప్పు, పాలు మాన్పించడం వైద్యం పేరుతో చేసే అపకారం. నోటిలో పూసే స్టెరాయిడ్ జెల్, పుక్కిలించే మందు కొందరికి మాత్రల మోతాదును తగ్గించడానికి సాయపడతాయి.

"ఇంగ్లీషు మందులు వేడి, ఇక ఆపేసి మా పొడి వాడండి" అనే మాట ప్రతి పెంఫిగస్ ఇంటికీ ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఏ వైద్యవిధానం మీదా నాకు ద్వేషం లేదు, కానీ స్టెరాయిడ్‌ను నెలల తరబడి వాడిన ఒంటిలో అడ్రినల్ గ్రంథులు తమ పని మానుకుని ఉంటాయి. మందును ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తగ్గించడం ఎప్పుడైనా మెట్లుమెట్లుగానే జరగాలి, డాక్టరు లెక్క ప్రకారమే. ఇక అంగడిలో దొరికే కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మన దగ్గర కొత్త కాదు, పేరు లేని మందు వాడి మొదటి వారంలోనే అద్భుతం జరిగితే సంతోషం కన్నా ముందు అనుమానం రావాలి.

మిగిలిన ప్రశ్న, రిటుక్సిమాబ్ తరువాత ఏమిటన్నది. జబ్బు పోయిందా అని అక్క అడిగితే డాక్టరుగారు పోయిందని అనలేదు, నిద్రపోయిందన్నారు, ఆ మాటలోని నిజాయితీ నాకు నచ్చింది. బి-కణాలు ఆరు నెలల నుంచి ఏడాదిలోగా తిరిగి పుడతాయి, వాటిలో డెస్మోగ్లీన్ మీద కత్తిగట్టినవి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అమెరికాలో అనుమతించిన పద్ధతి ప్రకారం ఏడాది నిండాక 500 మి.గ్రా., ఆ తరువాత ఆరు నెలలకొకసారి అంతే ఎక్కించవచ్చు. జబ్బు మళ్లీ తలెత్తితే 1 గ్రాము ఇస్తారు. ఇంకో దారి, అందరికీ గడువు ప్రకారం ఎక్కించకుండా, రక్తంలోని డెస్మోగ్లీన్ యాంటీబాడీలను ఎలైసా పరీక్షతో అప్పుడప్పుడూ కొలుస్తూ, పెరుగుతున్న వారికి మాత్రమే ఇవ్వడం. మొదటి దారిలో జబ్బు తిరగబెట్టే అవకాశం తక్కువ, ఖర్చూ, అంటురోగాల ప్రమాదమూ ఎక్కువ. రెండో దారిలో ఖర్చు తక్కువ, కానీ డెస్మోగ్లీన్-3 యాంటీబాడీలు కొందరిలో పుండ్లేమీ లేకున్నా చాలాకాలం కనిపిస్తూ ఉండడం వల్ల ఆ సంఖ్య ఒక్కటే చూసి నిర్ణయించడం కుదరదు, డెస్మోగ్లీన్-1 సంఖ్య జబ్బు కదలికను ఇంకాస్త నమ్మకంగా చెబుతుంది. షుగరూ, ఒక కుదించుకుపోయిన వెన్నుపూసా ఉన్న మనిషికి ఇంకో విడత స్టెరాయిడ్ రాకుండా చూడడమే ముఖ్యమని నేను మొదటి దారి వైపు మొగ్గాను. మళ్లీ ఆసుపత్రి పడక ఎక్కడం ఇష్టంలేని అక్క రెండోదాన్ని ఎంచుకుంది. ఇప్పుడు మూడు నెలలకొకసారి రక్తం ఇస్తోంది, ప్రెడ్నిసొలోన్ పూర్తిగా ఆగిపోయింది, చలికాలం రాకముందే ఫ్లూ టీకా వేయించుకోవాలని డాక్టరుగారు చీటీ రాసిచ్చారు.